మొక్కల ఆధారిత ‘మాంసం’.. వీగన్లు తినవచ్చా?

మాంసం మానేసిన వ్యక్తి మాంసంలా కనిపించే, మాంసంలా రుచించే పదార్థాన్ని తినడం సబబేనా? వీగన్ జీవన విధానాన్ని అనుసరించే వారి మధ్య ఏళ్లుగా చర్చకు వస్తున్న ప్రశ్న ఇది. సోయా, బఠాణీ, గోధుమల నుంచి తీసిన ప్రోటీన్లతో తయారైన కీమా, కబాబ్‌లు, సాసేజ్‌లు, నగెట్స్ ఇప్పుడు భారతీయ నగరాల్లోని సూపర్ మార్కెట్లలోనూ, ఆన్‌లైన్ కిరాణా యాప్‌లలోనూ లభిస్తున్నాయి. జంతువధకు ఇవి చక్కని ప్రత్యామ్నాయమని కొందరు స్వాగతిస్తుంటే, మాంసంపై మోజును బతికించి ఉంచుతాయంటూ మరికొందరు దూరం పెడుతున్నారు. వీగన్లు వదులుకున్నది దేనిని, ఆ పదార్థం పళ్లెంలోకి ఎలా వచ్చింది అనే రెండు అంశాలను విడివిడిగా పరిశీలిస్తేనే ఈ ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది.

శాకాహారం వేరు, వీగన్ విధానం వేరు

‘వీగన్’ అనే మాట 1944లో పుట్టింది. బ్రిటన్‌లో డొనాల్డ్ వాట్సన్, ఆయన సహచరులు ఆ ఏడాది నవంబరులో వీగన్ సొసైటీని స్థాపించారు. ‘వెజిటేరియన్’ అనే ఆంగ్ల పదంలోని మొదటి మూడు, చివరి రెండు అక్షరాలను కలిపి ఈ పేరు పెట్టారు. మాంసంతో పాటు పాలు, గుడ్లు కూడా మానేసిన వారికి ఒక ప్రత్యేక గుర్తింపు ఉండాలన్నది వారి ఉద్దేశం. ఆహారం, దుస్తులు సహా ఏ అవసరం కోసమైనా జంతువులపై జరిగే దోపిడీని, క్రూరత్వాన్ని సాధ్యమైనంత వరకు, ఆచరణలో వీలైనంత వరకు దూరం చేసుకునే జీవన విధానమే వీగనిజం అని ఆ సంస్థ నిర్వచిస్తోంది.

భారత్‌లో ఈ తేడాను గుర్తించడం మరింత ముఖ్యం. ప్యాకెట్‌పై కనిపించే ఆకుపచ్చ చుక్క శాకాహారానికి గుర్తే తప్ప వీగన్ ఆహారానికి గుర్తు కాదు. పాలు, పాల ఉత్పత్తులు, తేనె, తేనెమైనం, లక్క వంటివి ఉన్న పదార్థాలకు కూడా దేశంలోని లేబులింగ్ నిబంధనలు ఆకుపచ్చ చుక్కను అనుమతిస్తున్నాయి. అందువల్ల ఆ చుక్కను చూసి కొన్న ‘వెజ్ కబాబ్’లో పాల ప్రోటీన్ ఉండే అవకాశం ఉంది. విదేశాల్లోనూ ఇలాంటి ఉదాహరణలు ఉన్నాయి. శిలీంధ్రం నుంచి తీసిన ప్రోటీన్‌తో తయారై 1985లో బ్రిటన్ మార్కెట్లోకి వచ్చిన క్వోర్న్ ఉత్పత్తుల్లో ముక్కలు విడిపోకుండా పట్టి ఉంచేందుకు గుడ్డులోని తెల్లసొనను వాడేవారు. సంస్థ వీగన్ రకాలను తరువాతి కాలంలో తీసుకువచ్చింది.

అనుకరణ కొత్తదేమీ కాదు

మాంసాన్ని పోలిన శాకాహారం ఆధునిక ప్రయోగశాలల్లో పుట్టినది కాదు. చైనాలోని బౌద్ధ ఆరామాల్లో గోధుమ పిండిని కడిగి, అందులోని గ్లుటెన్‌ను వేరు చేసి, మాంసపు వంటకాలను పోలిన పదార్థాలు వండే సంప్రదాయం శతాబ్దాలుగా ఉంది. బెంగాల్‌లో పచ్చి పనసకాయను ‘చెట్టు మేక’ అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. తెలుగు ఇళ్లలో మీల్ మేకర్‌గా పేరు పడిన సోయా ముక్కలు కూడా ఈ కోవలోనివే. నూనె తీసిన సోయా పిండిని వేడి, ఒత్తిడి కలిగిన యంత్రం గుండా పంపి, నమిలితే పీచులా తగిలేలా వాటిని తయారు చేస్తారు. వాటిని తినడం తప్పా అన్న సందేహం శాకాహార కుటుంబాల్లో సాధారణంగా తలెత్తదు.

గత పదిహేనేళ్లలో వచ్చిన మార్పు వేరు. అమెరికాలో 2009లో ఏర్పాటైన బియాండ్ మీట్, 2011లో ఏర్పాటైన ఇంపాజిబుల్ ఫుడ్స్ సంస్థలు మాంసాహారులు సైతం తేడా గుర్తించలేని పదార్థాన్ని తయారు చేయడమే లక్ష్యంగా పెట్టుకున్నాయి. రంగు, వాసన, కొవ్వు కరిగే తీరు, పెనంపై వేగేటప్పుడు వచ్చే చిటపటలు సైతం మాంసాన్నే పోలి ఉండాలన్నది వాటి ప్రయత్నం. భారత్‌లో ఉదయపూర్ కేంద్రంగా గుడ్‌డాట్, నటులు రితేశ్ దేశ్‌ముఖ్, జెనీలియా దంపతులు 2021లో ప్రారంభించిన ఇమాజిన్ మీట్స్ వంటి సంస్థలు ఈ రంగంలోకి వచ్చాయి. 2022లో టాటా కన్స్యూమర్ ప్రొడక్ట్స్ కూడా మొక్కల ఆధారిత మాంసం విక్రయాలను మొదలుపెట్టింది.

పిండి కోడిని బలి ఇచ్చిన రాజు

మాంసాన్ని అనుకరించడమే తప్పు అన్నది మొదటి అభ్యంతరం. భారతీయ సంప్రదాయంలో ఈ వాదానికి వెయ్యేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. వేములవాడ చాళుక్యుల ఆశ్రయం పొందిన జైన పండితుడు సోమదేవ సూరి 10వ శతాబ్దంలో రచించిన ‘యశస్తిలక చంపువు’లో యశోధరుడనే రాజు కథ వస్తుంది. ప్రాణిని బలి ఇవ్వడానికి ఇష్టపడని ఆ రాజు తల్లి బలవంతంతో పిండితో చేసిన కోడిని బలి ఇస్తాడు. చంపింది నిజమైన కోడిని కాకపోయినా, చంపాలన్న సంకల్పం ఉన్నందున తల్లీకొడుకులిద్దరూ జంతువులుగా జన్మలెత్తి బాధలు పడతారు. ఇక్కడ హింసకు కొలమానం మనసులోని భావన.

ఇందుకు భిన్నమైన మార్గాన్ని 13వ శతాబ్దానికి చెందిన మధ్వాచార్యుల సంప్రదాయం ఎంచుకుంది. యజ్ఞాల్లో ప్రాణమున్న పశువుకు బదులు పిండితో చేసిన పశువును సమర్పించడాన్ని ఆ సంప్రదాయం ప్రోత్సహించింది. బలికి బదులుగా బూడిద గుమ్మడికాయను కొట్టే ఆచారం తెలుగు నేలపై నేటికీ కనిపిస్తుంది. ఇక్కడ కొలమానం ప్రాణి బతికిందా లేదా అన్నది.

వీగన్ నిర్వచనం ఈ రెండింటిలో రెండో మార్గానికే దగ్గరగా ఉంది. అది రుచిని, ఆకారాన్ని, పేరును నిషేధించలేదు. జంతువుకు జరిగే హానినే లెక్కలోకి తీసుకుంది. పైగా యశోధరుడి కథలో పిండి కోడిపై కత్తి దూసినప్పుడు చంపాలన్న ఊహ ఉంది. సోయా కబాబ్ తినే వ్యక్తి ఉద్దేశం అందుకు పూర్తిగా విరుద్ధం. ఏ ప్రాణీ చావకూడదన్న కోరికతోనే అతడు ఆ కబాబ్‌ను ఎంచుకున్నాడు. కనుక అనుకరణ అన్న ఒక్క కారణంతో మొక్కల ఆధారిత మాంసాన్ని తప్పుపట్టడానికి వీగన్ సిద్ధాంతంలో ఆధారం లేదు. మాంసపు వాసనే గిట్టని వారు దానిని వద్దనుకోవచ్చు. అది అభిరుచికి సంబంధించిన విషయం, నియమానికి సంబంధించినది కాదు.

ఎలుకలపై పరీక్షల చిక్కు

అసలైన చిక్కు తయారీ వెనుక ఉంది. ఇంపాజిబుల్ బర్గర్‌కు మాంసపు రుచిని ఇచ్చేది హీమ్ అనే పదార్థం. రక్తానికి ఎర్రదనాన్ని ఇచ్చే ఈ అణువు సోయా మొక్క వేళ్లలోని ఒక ప్రోటీన్‌లోనూ ఉంటుంది. ఆ ప్రోటీన్‌ను జన్యుమార్పిడి చేసిన ఈస్ట్ ద్వారా పెద్ద ఎత్తున తయారు చేస్తారు. అందులో జంతు పదార్థం ఏదీ ఉండదు. అయితే మనుషులు అంతకుముందు ఆహారంగా తీసుకోని ప్రోటీన్ కావడంతో దాని భద్రతపై అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ) ప్రశ్నలు లేవనెత్తింది. దాంతో ఇంపాజిబుల్ ఫుడ్స్ ఎలుకలపై పరీక్షలు జరిపించింది. ఈ పరీక్షల్లో 188 ఎలుకలు చనిపోయాయని జంతు హక్కుల సంస్థ పెటా విమర్శించింది. స్వయంగా వీగన్ అయిన సంస్థ వ్యవస్థాపకుడు ప్యాట్రిక్ బ్రౌన్ 2017లో ఈ నిర్ణయాన్ని బహిరంగంగా సమర్థించుకున్నారు. పశువుల పెంపకాన్ని తగ్గించే ఉత్పత్తి ఎక్కువ మందికి చేరాలంటే మరో దారి కనిపించలేదన్నది ఆయన వాదన. 2018 జులైలో ఎఫ్‌డీఏ తన అభ్యంతరాలు తొలగిపోయాయని ప్రకటించింది.

ఈ ఉదంతంపై వీగన్లలో నేటికీ ఏకాభిప్రాయం లేదు. లక్షలాది పశువులకు మేలు జరుగుతుందన్న ఆశతో కొన్ని ఎలుకలను చంపడం సమంజసమేనని ఒక వర్గం భావిస్తోంది. ఒక ప్రాణిని మరో ప్రాణి కోసం సాధనంగా మార్చడాన్నే వీగనిజం వ్యతిరేకిస్తుందని మరో వర్గం గుర్తు చేస్తోంది. ఒక విషయం మాత్రం స్పష్టం. ఈ అభ్యంతరం మొక్కల ఆధారిత మాంసం మొత్తానికి వర్తించదు. బఠాణీ ప్రోటీన్, బీట్‌రూట్ రసం వంటి పాత పదార్థాలతోనే తయారయ్యే ఉత్పత్తులకు హీమ్ చిక్కు లేదు.

భారత్‌లో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) 2022లో వీగన్ ఆహార నిబంధనలను నోటిఫై చేసింది. వాటి ప్రకారం వీగన్ ముద్ర పొందే పదార్థంలో సంకలితాలు, ఎంజైములు సహా ఏ దశలోనూ జంతు సంబంధమైనవి వాడకూడదు. భద్రతా పరీక్షలతో సహా ఏ అవసరానికీ జంతువులపై పరీక్షలు జరపకూడదు. నియంత్రణ సంస్థ ఏదైనా కోరిన సందర్భానికి మాత్రం మినహాయింపు ఉంది. ఎలుకల చిక్కు తలెత్తినది సరిగ్గా ఇలాంటి సందర్భంలోనే కావడం గమనార్హం.

ఒకే పెనంపై రెండు రకాలు

హోటళ్లలో మరో సమస్య ఎదురవుతుంది. అమెరికాలో బర్గర్ కింగ్ 2019లో ఇంపాజిబుల్ వాపర్‌ను దేశవ్యాప్తంగా ప్రవేశపెట్టినప్పుడు, దానిని మాంసం కాల్చే పరికరంపైనే కాలుస్తున్నారంటూ ఒక వీగన్ వినియోగదారు కోర్టుకు వెళ్లారు. ఆ దావాను న్యాయస్థానం తరువాతి ఏడాది కొట్టివేసింది. ఒకే పెనం వాడినంత మాత్రాన అదనంగా ఏ జంతువూ చావదన్నది ఒక దృక్పథం. మాంసపు కొవ్వు అంటిన ఆహారాన్ని మనసు అంగీకరించదన్నది మరో దృక్పథం. భారతీయ శాకాహార కుటుంబాల్లో రెండో భావన మరింత బలంగా ఉంటుంది. ప్యాకెట్‌పై వీగన్ ముద్ర ఉంటే, ఒకే యంత్రంపై ఇతర ఆహారాలు తయారైనప్పుడు దానిని శుభ్రపరిచే బాధ్యతను నిబంధనలు తయారీదారుపై ఉంచాయి. హోటల్లో మాత్రం పెనం, నూనె, పైన వేసే సాస్ గురించి వినియోగదారులే అడిగి తెలుసుకోవాలి. ఇంపాజిబుల్ వాపర్‌లో పట్టీ మొక్కలతో చేసినదే అయినా, దానిపై రాసే మయొనైజ్‌లో గుడ్డు ఉంటుంది.

పోల్చవలసింది దేనితో?

మొక్కల ఆధారిత మాంసం మేలును చాటే అధ్యయనాలను చదివేటప్పుడు అవి దేనిని దేనితో పోలుస్తున్నాయో గమనించడం అవసరం. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 36 మందిపై జరిపిన అధ్యయనం 2020లో వెలువడింది. ఎనిమిది వారాలు మాంసం, ఎనిమిది వారాలు మొక్కల ఆధారిత మాంసం తిన్న వారిలో, రెండో దశలో చెడు కొలెస్ట్రాల్‌గా పిలిచే ఎల్‌డీఎల్ తగ్గినట్లు తేలింది. దీనికి బియాండ్ మీట్ ఆర్థిక సహాయం అందించింది. అదే సంస్థ కోరిక మేరకు మిషిగన్ విశ్వవిద్యాలయం 2018లో చేసిన విశ్లేషణ ప్రకారం, అమెరికా గొడ్డు మాంసం పట్టీతో పోలిస్తే బియాండ్ బర్గర్ తయారీలో గ్రీన్‌హౌస్ వాయువులు 90 శాతం తక్కువగా వెలువడతాయి.

ఈ పోలికలన్నీ మాంసంతోనే. వీగన్లు మాంసాన్ని ఇప్పటికే మానేశారు. వారి పళ్లెంలో ఈ పదార్థం పక్కకు నెట్టేది కందిపప్పును, శనగలను, అలసందలను, మీల్ మేకర్‌ను. ఆ పోలికలో ఫలితం మారుతుంది. 2019లో అమెరికా మార్కెట్లో ఉన్న 113 గ్రాముల బియాండ్ బర్గర్ పట్టీలో 20 గ్రాముల ప్రోటీన్‌తో పాటు 6 గ్రాముల సంతృప్త కొవ్వు, 390 మిల్లీగ్రాముల సోడియం ఉండేవి. రోజు మొత్తానికి సోడియం 2,000 మిల్లీగ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. అంటే ఒక్క పట్టీతోనే అందులో దాదాపు ఐదో వంతు పూర్తవుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కూడా అతిగా శుద్ధి చేసిన ఆహారాలను, ఉప్పును తగ్గించాలని సూచించాయి. మీల్ మేకర్ ఎండు బరువులో దాదాపు సగం ప్రోటీనే. ధర కూడా ఆధునిక ప్రత్యామ్నాయాల కంటే చాలా తక్కువ.

మరో ముఖ్య విషయం విటమిన్ బీ12. ఇది మొక్కల ఆహారంలో నమ్మదగిన స్థాయిలో లభించదు. లోపం దీర్ఘకాలం కొనసాగితే రక్తహీనత, నరాల సమస్యలు వస్తాయి. మొక్కల ఆధారిత మాంసంలో కొన్నింటికే తయారీదారులు బీ12 జోడిస్తారు. మాంసాన్ని పోలి ఉన్నంత మాత్రాన మాంసంలోని పోషకాలన్నీ ఉంటాయనుకోవడం సరికాదు. బీ12 కలిపిన ఆహారం లేదా వైద్యుల సలహాతో తీసుకునే మాత్రలు వీగన్లకు తప్పనిసరి.

ఎవరికి ఉపయోగం?

ఆరోగ్యం, ఖర్చు దృష్ట్యా వీగన్ల రోజువారీ ఆహారంలో వీటికి పెద్ద స్థానం లేదన్నది నిజమే. అలాగని వీటి ప్రయోజనం తక్కువేమీ కాదు. నమూనా నమోదు వ్యవస్థ 2014 బేస్‌లైన్ సర్వే ప్రకారం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో 15 ఏళ్లు పైబడిన వారిలో 98 శాతానికి పైగా మాంసాహారులే. ఇలాంటి సమాజంలో వీగన్ కావాలని నిర్ణయించుకున్న యువతీయువకులకు అసలు పరీక్ష ఎదురయ్యేది కనుమ నాడు, బోనాల రోజున, ఆదివారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ కలిసి కూర్చున్న పంక్తిలో. చిన్నప్పటి నుంచి అలవాటైన మసాలా, పులుసు, బిర్యానీ రుచులను వదులుకోలేక ఎందరో మధ్యలోనే వెనుదిరుగుతారు. అదే మసాలాలో మరో ముక్క వేసి వండుకునే వీలుంటే ఆ నిర్ణయం నిలబడే అవకాశాలు పెరుగుతాయి. ఇంట్లోని మాంసాహారులు సైతం ఒక పూట దానిని రుచి చూస్తే, ఆ మేరకు మాంసం వినియోగం తగ్గుతుంది.

అందువల్ల వీగన్లు మొక్కల ఆధారిత మాంసాన్ని తినవచ్చా అన్న ప్రశ్నకు తినవచ్చు అన్నదే సమాధానం. అయితే కొనే ముందు మూడు విషయాలను సరిచూసుకోవాలి. ఆకుపచ్చ చుక్కతో సరిపెట్టుకోకుండా వీగన్ ముద్ర ఉందో లేదో చూడాలి. పదార్థాల జాబితాలో పాల ప్రోటీన్, గుడ్డు, తేనె లేవని నిర్ధారించుకోవాలి. ఉప్పు, సంతృప్త కొవ్వు ఎంత ఉన్నాయో గమనించాలి. జంతువులపై పరీక్షలకు గురైన పదార్థాల విషయంలో తుది నిర్ణయం ఎవరికి వారు తీసుకోవలసిందే. మిగిలిన రోజుల్లో పప్పు, కూరగాయలు, చిరుధాన్యాలతో కూడిన భోజనం చౌకగానూ, ఆరోగ్యకరంగానూ ఉంటుంది. ఆ భోజనానికి ఏ జంతువు రూపాన్నీ అనుకరించవలసిన అవసరం కూడా రాదు.