కొత్తింటి గోడ మూసేముందు: బూజు మందు, చట్టం

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్రాస్పర్ వైపు ఇల్లు కట్టించుకునే మనవాళ్లకు, ఫ్రేమింగ్ లేచి షీట్‌రాక్ ఇంకా ఎక్కని రోజుల్లో ఒక ప్రశ్న ఎదురవుతుంటుంది. చెక్కకంతా బూజు పట్టకుండా మందు కొడతామంటూ ఎవరో వస్తారు. ‘ఈపీఏ ఆమోదం ఉంది, పిల్లలకు ఏ హానీ లేదు, ఇక మోల్డ్ మాటే ఉండదు’ అంటారు. ఇందులో మొదటి రెండు మాటలనూ ఆ మందు డబ్బా మీద అచ్చు వేయడానికి చట్టమే ఒప్పుకోదు.

బూజును చంపేదైనా, రాకుండా ఆపేదైనా, అమెరికా చట్టం లెక్కలో అది పురుగుమందే. 1947 నాటి ఫిఫ్రా చట్టం దాన్ని చీమల మందుతో, ఎలకల మందుతో ఒకే గాటన కడుతుంది. ఫెడరల్ పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ దగ్గర రిజిస్టర్ చేయించకుండా అమ్మకూడదు. లేబుల్ చెప్పినదానికి భిన్నంగా వాడితే ఫెడరల్ చట్టాన్ని మీరినట్టే. ప్రభుత్వం సిఫారసు చేసిందనిపించే మాట గానీ, ‘సురక్షితం’, ‘విషం కాదు’ లాంటి మాట గానీ లేబుల్ మీద ఉంటే, నిబంధనలు దాన్ని తప్పుదోవ పట్టించే లేబుల్‌గా చూస్తాయి.

అందుకే బ్రోషర్ పక్కన పెట్టి లేబుల్ చూపించమనండి. దాని మీద రెండు నంబర్లు ఉంటాయి. ‘ఈపీఏ రెజ్. నం.’ అన్నది రిజిస్ట్రేషన్. గీతకు ముందున్నది కంపెనీ సంఖ్య, తర్వాతది మందు సంఖ్య. ‘ఈపీఏ ఎస్ట్. నం.’ అన్నది తయారైన చోటును మాత్రమే చెబుతుంది. రెండోది చూపించి మొదటిది ఉన్నట్టు మాట్లాడితే నమ్మకండి. ఇళ్ల చెక్క మీద వాడొచ్చని రాసి ఉందా, ఎంత నీటిలో ఎంత కలపాలి, కొట్టాక ఎంతసేపు లోపలికి వెళ్లకూడదు, అన్నీ అందులోనే ఉంటాయి. మొక్కల నూనెలతో చేసిన కొన్ని మందులకు ఫెడరల్ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అయితే ఆ మినహాయింపు పొందినవాళ్లు మనుషుల ఆరోగ్యానికి ముప్పు తెచ్చే సూక్ష్మజీవులను అరికడతామని చెప్పుకోకూడదు. బూజు పట్టని పెయింటు సంగతీ దాదాపు అంతే: రంగును కాపాడుతుందనొచ్చు, ఇంట్లోవాళ్లను జబ్బుల నుంచి కాపాడుతుందనకూడదు.

నన్నడిగితే, మందు గురించి ఆలోచించాల్సింది అన్నిటికన్నా చివర. బూజుకు ప్రాణం తడి. తడిసినదాన్ని 24 నుంచి 48 గంటల్లో ఆరబెట్టమని, ఇంట్లో తేమను 60 శాతం లోపు, వీలైతే 30–50 మధ్య ఉంచమని ఈపీఏ చెబుతుంది. చచ్చిన బూజు కూడా ఎలర్జీ తెప్పించగలదు కాబట్టి చంపి ఊరుకోకుండా తీసేయాలంటుంది. గాలిలో బూజు ఇంతకు మించకూడదన్న ఫెడరల్ పరిమితి ఏదీ లేదు. నిర్మాణ కోడ్ అయినా నేలను ఆనుకున్న కాంక్రీటు మీది చెక్క కుళ్లకుండా ట్రీట్ చేసినదై ఉండాలంటుందే తప్ప, ఫ్రేమింగ్ అంతటా బూజు మందు కొట్టమనదు. అది పట్టుబట్టేది నీళ్ల దారి గురించి. కిటికీల చుట్టూ ఫ్లాషింగ్ ఉండాలి, పునాది నుంచి మొదటి 10 అడుగుల్లో నేల 6 అంగుళాలు వాలాలి.

కాలిఫోర్నియా గ్రీన్ కోడ్ ఇంకో అడుగు ముందుకేసింది: చెక్కలో తేమ 19 శాతం దాటితే గోడ మూయకూడదంది. మీ ఊళ్లో ఆ నియమం లేకపోయినా కాంట్రాక్టులో రాయించుకోండి. పరీక్షకు పెద్ద తతంగమేమీ లేదు. రెండు సూదులున్న మాయిశ్చర్ మీటర్‌ను నిలువు చెక్కల అడుగున, కిటికీల కింద, టబ్ వెనక గుచ్చి, అంకె కనిపించేలా ఫొటో తీసుకుంటే చాలు. ట్రీటెడ్ చెక్కలో మాత్రం లవణాల వల్ల అంకె ఎక్కువ చూపొచ్చు. ఏప్రిల్, మే వానలకు ఉత్తర టెక్సస్‌లో ఫ్రేమింగ్ నానిపోతుంది. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టేసుకున్నామని, ఆ తడి మీదే షీట్‌రాక్ ఎక్కించమని దయచేసి మనమే బిల్డర్‌ను తొందరపెట్టొద్దు. శ్రావణం కాకపోతే కార్తీకంలో పాలు పొంగించుకోవచ్చు.

వంటింటి హుడ్ ఆవిరిని గొట్టం ద్వారా బయటికి పంపేదిగా ఉండాలని కూడా ముందే అడగండి. ఇడ్లీ కుక్కర్, పులుసు గిన్నె రోజూ పొయ్యి మీదుండే ఇళ్లు మనవి.

బూజు అప్పటికే పట్టి ఉంటే టెక్సస్‌లో వేరే చట్టం ఉంది. ఒకేచోట 25 చదరపు అడుగులు, ఆపైన ఉన్న బూజును తీసేవాళ్లకు లైసెన్స్ ఉండాలి. పరీక్షించినవాళ్లే ఆ పనిలో తొలగించేవాళ్లుగా ఉండకూడదు. ఇందులో ఒక మెలిక ఉంది. ఇల్లు కడుతున్న బిల్డర్ తన నిర్మాణ పనితోపాటే ఆ ఇంటి బూజును శుభ్రం చేస్తే ఈ లైసెన్స్ అవసరం లేదు. అందువల్ల అలాంటి పని జరిగితే ముందూ వెనకా ఫొటోలు, ఏం చేశారో రాతపూర్వకంగా తీసుకోవాల్సింది మనమే.

2001లో ఒక టెక్సస్ ఇంటి మోల్డ్ కేసులో జ్యూరీ బీమా కంపెనీని 3.2 కోట్ల డాలర్లు కట్టమంది. అప్పీలులో అది సుమారు 40 లక్షలకు తగ్గింది. ఆ రోజుల తర్వాత బీమా కంపెనీలు మోల్డ్ కవరేజీని బాగా కుదించాయి. బిల్డర్ల కాంట్రాక్టుల్లోనూ ‘మోల్డ్‌కు మా బాధ్యత లేదు’ అనే పేజీ తరచూ కనిపిస్తుంది. దాని మీద సంతకం చేసేముందు లాయరుకు చూపించండి. తర్వాత లోపం బయటపడి కోర్టుకు వెళ్లాలనుకుంటే, టెక్సస్ చట్టం ప్రకారం దావాకు కనీసం 60 రోజుల ముందు బిల్డర్‌కు సర్టిఫైడ్ మెయిల్‌లో నోటీసు పంపాలి. ఫోన్‌లో ఎన్నిసార్లు చెప్పినా అది నోటీసు కిందికి రాదు. మీటరు ఫొటోలు, మందు లేబుల్ కాపీ ఆ నోటీసుకు జతచేయండి.