లావణ్య – నామార్థ విచారం

పేరు మనిషిని గుర్తించడానికి ఏర్పడిన సంకేతం. అయినా ప్రతి పేరు వెనుక ఒక అర్థం, ఆ అర్థం వెనుక ఒక ఆలోచన ఉంటాయి. తెలుగువారి ఇండ్లలో విరివిగా వినిపించే ‘లావణ్య’ అనే స్త్రీనామం ఇందుకు చక్కని నిదర్శనం.

ఈ పదానికి మూలం సంస్కృతంలోని ‘లవణ’ శబ్దం. లవణమనగా ఉప్పు. మధురం నుండి మాధుర్యం, సుందరం నుండి సౌందర్యం ఏర్పడినట్లే లవణం నుండి లావణ్యం ఏర్పడింది. మొదటి అచ్చుకు వృద్ధి రావడం, చివర యకారం చేరడం ఈ మూడింటిలోనూ సమానం. కావున లావణ్యానికి వ్యుత్పత్త్యర్థం ‘ఉప్పదనం’.

అందాన్ని తెలిపే మాట ఉప్పు నుండి పుట్టడం వింతగా తోచవచ్చు. కాని వంటకంలో ఉప్పు చేసే పనిని పరిశీలిస్తే ఇందులోని ఔచిత్యం బోధపడుతుంది. కూరలో కరిగిన ఉప్పు కంటికి కనబడదు. ఫలానా ముక్కలో ఉన్నదని వేరుచేసి చూపడానికీ వీలులేదు. అది లోపిస్తే మాత్రం ఎన్ని దినుసులు కూర్చినా రుచి పుట్టదు.

ఆలంకారికులు ఈ భావాన్నే విస్తరించారు. 9వ శతాబ్దికి చెందిన కాశ్మీర పండితుడు ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోకం’లో, కావ్యంలో స్ఫురించే అర్థాన్ని స్త్రీల లావణ్యంతో పోల్చాడు. అవయవాలన్నింటిలో ప్రకాశిస్తూనే అది వాటికంటె వేరుగా ఉంటుందని ఆయన ఆశయం. 14వ శతాబ్దిలో రాచకొండను ఏలిన రేచర్ల సింగభూపాలుడు తన ‘రసార్ణవసుధాకరం’లో, ముత్యం లోపల కదలాడే కాంతివంటిది లావణ్యమన్నాడు. చిత్రకళకు ఆరు అంగాలను చెప్పిన యశోధరుడు లావణ్యయోజనను ఒక అంగంగా, రంగుల కూర్పును మరొక అంగంగా లెక్కించాడు. అంటే రంగు వేరు, లావణ్యం వేరు. త్యాగరాజస్వామి నీలమేఘశ్యాముడైన శ్రీరాముని ‘లావణ్య రామ’ అని సంబోధించడంలోని సొగసు ఇక్కడ స్మరణీయం.

పురాణేతిహాసాలలోని ప్రసిద్ధ స్త్రీపాత్రలలో ఈ పేరు కనబడదు. సంస్కృతంలో ‘లావణ్యం’ నపుంసకలింగ శబ్దం. ఒక గుణానికి పేరు. ఆధునిక కాలంలో సౌజన్య, సౌందర్య వంటి గుణవాచకాలతోపాటు ఇదీ వ్యక్తినామమైంది. 1929లో వెలువడిన రవీంద్రనాథ ఠాగూరు బెంగాలీ నవల ‘శేషేర్ కవిత’లో నాయిక పేరు లావణ్యయే.

నేటికీ పెండ్లి చూపులలో మేనిఛాయను చూసి ఆడపిల్లకు వెలకట్టేవారున్నారు. నల్లని పిల్లకు లావణ్య అన్న పేరేమిటని పరిహసించేవారూ లేకపోలేదు. అది పేరులోని దోషం కాదు, అర్థమెరుగని వారి అజ్ఞానం. ఒంటి రంగుతో నిమిత్తం లేక, మాటలో, నడతలో, చూపులో సమంగా వ్యాపించి మనిషికి సారాన్ని కూర్చే గుణమే లావణ్యం. ఆ పేరు పెట్టుకొన్న ప్రతి బాలికకూ ఈ అర్థం తెలియడం అవసరం. ఆమెను పిలిచేవారికి తెలియడం అంతకంటె అవసరం.