పాత పడవ కొనువారికి

జుమ్మెరాత్ బజారులో పాత సైకిలో, గడియారమో బేరమాడిన అనుభవము మనలో చాలమందికి కలదు. పడవ మాత్రము మాకు అక్కడ కనబడలేదు. చేపల వేటకో, విహారమునకో పాత పడవ కావలసినవారు 1806లో పూర్తియైన, 21 కమానుల కట్టగల మన మీరాలం చెరువు వంటి నీటి ఒడ్డుననే దానిని పరీక్షింపవలెను. సైకిలు చెడినచో నడిచి ఇల్లు చేరవచ్చును. నడిచెరువులో ఆ వీలు లేదు.

కొత్తగా పూసిన తారును చూచి మోసపోరాదు. దాని అడుగున పుచ్చు దాగియుండవచ్చును. కొయ్యకు ఉప్పునీటికన్న వాననీరే ఎక్కువ కీడు చేయును. కావున ఆ నీరు నిలుచు మూలలను, పలకల కొసలను దబ్బనముతో పొడిచి చూడవలెను. మొన సులువుగా దిగినచో ఆ కొయ్య పుచ్చినదే.

ఇక నీరు ఊరు సంగతి. గట్టుపై చాలకాలము ఎండిన పడవలో పలకలు కుంచించుకొని అతుకులు విడును. నీట దించగానే కొంత ఊరుట సహజము. కొయ్య నాని ఉబ్బినకొలది అతుకులు మూసుకొనును. అందుచేత బేరమునకు ముందే రెండు మూడు రోజులు నీటిలో ఉంచుమని అడుగుట మేలు. అప్పటికిని ఊట తగ్గనిచో, ధర ఎంత తక్కువైనను వదలుకొనవలసినదేయని మా అభిప్రాయము. ఫైబరు పడవనైతే వేలి కణుపుతో తట్టవలెను. ఒకచోట ఖంగుమని, వేరొకచోట మందముగా పలికినచో లోపలి పొరలు విడినవేమోయని అనుమానింపవలెను.

అమ్మువాడు తానే ముందెక్కి తెడ్డు వేయుటకు వెనుకాడినచో బయానా ఇయ్యరాదు.