అమ్మాలా, ఆగాలా? శనగ రైతు ప్రశ్నకు డిగ్రీ పాఠంలో జవాబు

యాగంటి: శనగ నూర్పిళ్లు ముగిసే వేళకు యాగంటి, బనగానపల్లె, కోవెలకుంట్ల, ఆళ్లగడ్డ పరిసర గ్రామాల్లో ఏటా ఒకే ప్రశ్న వినవస్తుంది. సరుకు కళ్లంలోనే అమ్మాలా, గోదాముకు చేర్చి నాలుగు నెలలు ఆగాలా? నల్లరేగడి నేలల్లో అక్టోబరు, నవంబరుల్లో విత్తిన శనగ ఫిబ్రవరి, మార్చి నాటికి చేతికందుతుంది. ఒకరికి కాదు, అందరికీ ఒకేసారి అందుతుంది. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం రూపొందించిన ఎన్‌బీఈజీ 47 వంటి యంత్రకోతకు అనువైన రకాలు వచ్చిన తర్వాత కోత మరీ తొందరగా ముగుస్తున్నది. కూలీ ఖర్చు తగ్గిన మాట నిజమే గాని, మార్కెట్టుకు రాబడులు ఒక్కసారిగా వచ్చిపడడానికి ఇదీ ఒక కారణమే.

ఈ ప్రశ్నకు సరిపోయే అధ్యాయం ఒకటి డిగ్రీ అర్థశాస్త్రంలో ఉన్నది. దాని పేరు క్రీడా సిద్ధాంతం. పరిమితస్వామ్యం పాఠం చివర వస్తుంది కనుక పరీక్షల తొందరలో విద్యార్థులు దీనిని దాటవేయడం కద్దు. పేరులో క్రీడ ఉన్నా ఇది వినోదం కోసం పుట్టినది కాదు. మన లాభనష్టాలు మనం వేసే ఎత్తు మీదే గాక ఎదుటివాడు వేసే పైఎత్తు మీద కూడా ఆధారపడినప్పుడు ఎవరు ఏం చేస్తారన్నదే ఇందులోని విషయం. ఫ్రాన్సుకు చెందిన కూర్నో 1838లోనే ఇద్దరు ఉత్పత్తిదారుల పోటీని ఈ దృష్టితో లెక్కగట్టాడు. 1944లో ఫాన్ నాయ్‌మన్, మోర్గెన్‌స్టెర్న్ రాసిన గ్రంథంతో ఇది ఒక శాస్త్రమయింది. 1950లో జాన్ నాష్ దీనికి సమతౌల్య భావనను చేర్చాడు. ఎదుటివారి ఎత్తు మారనంతవరకు తన ఎత్తు మార్చుకుని లాభపడగలవాడు ఎవడూ లేని స్థితే నాష్ సమతౌల్యం. నాష్‌కు 1994లో హర్సాన్యీ, సెల్టెన్‌లతో కలిపి నోబెల్ బహుమతి లభించింది.

ఇక లెక్కకు వద్దాం. కింది అంకెలు పద్ధతి తెలియడానికి వేసుకున్నవేగాని నేటి ధరలు కావు. రెండు ఊళ్ల రైతులను రెండు పక్షాలుగా తీసుకుందాం. ఇద్దరూ మార్చిలోనే అమ్మితే క్వింటాలుకు 5,000 రూపాయలు వస్తాయనుకుందాం. ఒక ఊరు మార్చిలో అమ్మి, రెండో ఊరు జూలై దాకా ఆగితే ఒత్తిడి సగమవుతుంది గనుక ముందు అమ్మినవారికి 5,500, ఆగినవారికి 5,900 పలుకుతుంది. ఇద్దరూ ఆగితే జూలైలో నిల్వలన్నీ ఒక్కసారే బయటపడి ధర 5,200 దగ్గరే నిలిచిపోతుంది.

ఆగడం ఊరికే కాదు. నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చిన రైతుకు 5,000 రూపాయల సరుకు మీద నాలుగు నెలల వడ్డీయే 400. గోదాము అద్దె, తరుగు కలిపి మరో 100 వేసుకుంటే మొత్తం 500. యాగంటి బసవన్న ఏటేటా పెరుగుతాడని ఇక్కడివారి నమ్మకం. గోదాములో బస్తా మాత్రం పెరగదు, ఎండేకొద్దీ తగ్గుతుంది, ఆపైన పురుగు భయం. ఆ ఖర్చు తీసివేస్తే ఒంటరిగా ఆగినవారికి మిగిలేది 5,400. ఇద్దరూ ఆగితే మిగిలేది 4,700 మాత్రమే.

ఇప్పుడు పట్టికను చూడండి. పక్క ఊరు అమ్ముతుంటే ఆగడం మేలు, ఆగుతుంటే అమ్మడం మేలు. అందరూ నడిచే దారికి ఎదురు నడిచినవాడే బాగుపడతాడన్న మాట. పాఠ్యపుస్తకాలన్నిటిలో కనిపించే ఇద్దరు ఖైదీల కథకూ దీనికీ తేడా ఉన్నది. అక్కడ ఎదుటివాడు ఏం చేసినా తనకు మేలయిన ఎత్తు ఒకటే. ఇక్కడ అలాంటి ఎత్తు లేదు. ఒకరు అమ్మి ఒకరు ఆగడం ఇద్దరికీ మంచిదే అయినా, అమ్మేదెవరు, ఆగేదెవరు అన్నది తేల్చేవారు లేరు. రైతులు అత్యాశకు పోయి నష్టపోతారని ఊరికే అనేవారు ఈ పట్టికను ఒకసారి చూడడం మంచిది.

వేల మంది రైతులున్నప్పుడు దీని జవాబు నిష్పత్తిలో వస్తుంది. పై అంకెల ప్రకారం సరుకులో మూడింట రెండు వంతులు ముందు అమ్ముడుపోయి, ఒక వంతు నిల్వకు పోతే అమ్మినా ఆగినా ప్రతిఫలం ఒకటే అవుతుంది. అనుభవం గల రైతులు పంటలో కొంత కళ్లంలో అమ్మి, కొంత దాచుకోవడంలోని తెలివి ఇదే. వారికి నాష్ పేరు తెలియనక్కరలేదు.

అందరి చూపూ ఒకే వైపు తిరిగినప్పుడు ఏమవుతుందో శనగ మార్కెట్ చూసే ఉన్నది. 2016 చివర శనగ ధరలు అసాధారణంగా పెరిగాయి. ఆ ధర మనసులో పెట్టుకుని సాగు విస్తరించింది. 2018లో కొత్త పంట వచ్చేసరికి ధర మద్దతు ధరకంటే దిగువకు పడిపోయింది. మళ్లీ పాత ధర వస్తుందన్న ఆశతో గోదాములు నింపినవారికి వడ్డీ భారం మిగిలింది.

వడ్డీ మారితే ఎత్తు కూడా మారుతుంది. ఏడాదికి నూటికి ఏడు చొప్పున బ్యాంకు అప్పు దొరికితే నాలుగు నెలల వడ్డీ 117 రూపాయలే. అప్పుడు ముందుగా అమ్ముడుపోవలసిన వాటా నూటికి 67 నుంచి 43కు దిగుతుంది. మార్కెట్ కమిటీ గోదాములో సరుకు కుదువపెట్టి అప్పు తీసుకునే రైతుబంధు పథకం ఆంధ్రప్రదేశ్‌లో చాలాకాలంగా ఉన్నది (2018లో తెలంగాణలో అదే పేరుతో వచ్చిన పెట్టుబడి సాయం వేరు). ఇటువంటి ఏర్పాటు అందుబాటులో ఉన్న ఊరు, లేని ఊరు ఒకే ఆట ఆడుతున్నట్టు కనిపించినా రెండింటి పట్టికలు వేరు. మద్దతు ధర కూడా పట్టికను మార్చేదే. 2025-26 సీజనుకు శనగకు కేంద్రం ప్రకటించిన ధర 5,650 రూపాయలు. కొనుగోలు కేంద్రం సకాలంలో తెరిచి, తెచ్చిన సరుకంతా తీసుకుంటేనే అది అడుగుమట్టంగా పనిచేస్తుంది.

ఎవరెంత పండించాలో తేల్చే వ్యవస్థ ఉంటే ఆట మరో రకంగా సాగుతుంది. గుంటూరు కేంద్రంగా 1976లో ఏర్పడిన పొగాకు బోర్డు రైతులను నమోదు చేసి, పరిమాణం నిర్ణయించి, తన వేలం కేంద్రాల్లోనే అమ్మకాలు జరిపిస్తుంది. 2000-01లో ఆంధ్రప్రదేశ్‌లో ఏకంగా పంట విరామమే ప్రకటించింది. శనగకు అటువంటి కట్టుబాటు లేదు, పెట్టడం తేలికా కాదు.

యార్డులో వర్తకుల ఆట వేరు. రాశి మీద లాటు నెంబరు వేసి టెండరు చీటీలు వేసే చోట కొనుగోలుదార్లు కొద్దిమందే అయి, రోజూ వారే ఎదురుపడితే పోటీ చల్లబడే అవకాశం ఎక్కువ. ఈ రోజు హెచ్చు పాడినవాడికి రేపు మిగిలినవారు బుద్ధి చెప్పగలరు. పదే పదే ఆడే ఆటల మీద చేసిన కృషికి రాబర్ట్ ఔమన్ 2005లో నోబెల్ పొందాడు. 2016 ఏప్రిల్ 14న ప్రారంభమైన ఈ-నామ్ ఉద్దేశాల్లో బయటి ఊళ్ల కొనుగోలుదార్లను పాటలోకి తేవడం ఒకటి.

యార్డులో కనిపించని ఆటగాడు మరొకడున్నాడు. శనగ దిగుమతి సుంకాన్ని కేంద్రం 2017 డిసెంబరులో 30 శాతంగా విధించి, 2018 మార్చి నాటికి 60 శాతానికి పెంచింది. 2024 మేలో దేశవాళీ శనగపై తొలగించి, 2025 ఏప్రిల్ నుంచి 10 శాతం వేసింది. శనగపప్పుకు బదులుగా వాడే పసుపు బఠాణీని 2023 డిసెంబరులో సుంకం లేకుండా అనుమతించింది. గోదాములో సరుకున్న రైతుకు పక్క ఊరి ఎత్తుకంటే ఈ ఎత్తు బరువైనది.

పరీక్ష పేపరులో పట్టిక ఇచ్చి జవాబు అడుగుతారు. పల్లెలో పట్టిక ఎవరూ ఇవ్వరు. ఈ పాఠం చదివే రైతుబిడ్డలు ఇంటి అప్పు వడ్డీ, గోదాము అద్దె, గత ఏటి తరుగు, చుట్టుపక్కల గోదాముల్లో ఉన్న బస్తాల లెక్క ముందుగా కాగితం మీద వేయవచ్చు. వీటిలో చివరిదే దొరకడం కష్టం.