చేత్తో నింపిన తూటా: అపోహలు – వాస్తవాలు

అమెరికాలో రైఫిల్ పోటీలకు వెళ్లేవాళ్లలో చాలామంది తూటాలు సొంతంగా తయారుచేసుకుంటారు. పేలిన తూటా ఇత్తడి కేసును ఏరి తెచ్చి, సరిచేసి, మందును రాజేసే కొత్త ప్రైమర్ అమర్చి, మందు పోసి, మూతిలో బుల్లెట్ బిగిస్తారు. ఇదే హ్యాండ్‌లోడింగ్. దీని చుట్టూ అపోహలకు కొదవలేదు.

అపోహ: మందు ఎక్కువ పోస్తే గురి కుదురుతుంది.
వాస్తవం: పెరిగేది వేగం. గురికి కావలసింది ప్రతి బుల్లెట్టూ ఒకే వేగంతో బయటపడటం. అది చాలాసార్లు గరిష్ఠ మోతాదుకు కిందే దొరుకుతుంది. మందు కాస్త పెరిగినా లోపలి ఒత్తిడి అంతకుమించి పెరుగుతుంది. హద్దు దాటితే తుపాకీ కాల్చేవాడి ముఖం మీదే పగలొచ్చు.

అపోహ: పక్కవాడి కొలత మనకూ సరిపోతుంది.
వాస్తవం: ఒకే మోడల్ రైఫిళ్ల బ్యారెళ్లలోనూ వెంట్రుకవాసి తేడాలుంటాయి. అందుకే తయారీదారు పుస్తకంలోని కనిష్ఠ మోతాదుతో మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పెంచుతూ చూస్తారు.

అపోహ: మూడు దెబ్బలు ఒకేచోట పడితే కొలత కుదిరినట్టే.
వాస్తవం: మూడు అదృష్టం కొద్దీ కూడా పడతాయి. రైఫిల్‌ను బల్లమీద ఆనించి కాల్చే బెంచ్‌రెస్ట్ పోటీల్లో ఐదేసి దెబ్బల గుంపులు పలుమార్లు కొట్టించి సగటు తీసేది అందుకే.

అపోహ: చేత్తో నింపింది ఎప్పుడూ ఫ్యాక్టరీ తూటా కన్నా మేలు.
వాస్తవం: కొలత తప్పితే ఫ్యాక్టరీదే నయం. మందును గ్రెయిన్లలో తూస్తారు. ఒక గ్రెయిన్ సుమారు 65 మిల్లీగ్రాములు; కంసాలి త్రాసులో గురివింద గింజకు దాదాపు సగం. పోటీదారులు అందులో పదో వంతునూ లెక్కచూస్తారు.

అపోహ: ఏ తూటానైనా మళ్లీ నింపొచ్చు.
వాస్తవం: ఒలింపిక్ 50 మీటర్ల రైఫిల్ పోటీలో వాడే .22 రిమ్‌ఫైర్‌లో ప్రైమర్ మందు కేసు అడుగు అంచులోనే ఉంటుంది. పిన్ను దెబ్బకు ఆ అంచు నొక్కుకుపోతుంది; మళ్లీ నింపడం కుదరదు. అందుకే షూటర్లు బ్యాచ్‌లవారీగా కాల్చిచూసి, తమ బ్యారెల్‌కు నప్పినదాన్నే కొంటారు. ఇక 2012 లండన్‌లో హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్‌కు కాంస్యం తెచ్చిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో మందే ఉండదు. సీసపు పెల్లెట్‌ను గాలే తోస్తుంది.

అపోహ: సొంత వాడకానికైతే మన దగ్గరా ఇంట్లో చేసుకోవచ్చు.
వాస్తవం: కుదరదు. లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం ఆయుధాల చట్టం, 1959 కింద నేరం.