కణంలో పునరుక్తి

ఆలంకారికులు పునరుక్తిని దోషంగా లెక్కించారు. జానపద కథకుడు దాన్నే కథకు ఊపిరిగా చేసుకున్నాడు. ఒకచోట దోషమైనది మరోచోట బలం ఎట్లా అవుతుందన్న ప్రశ్న మన విమర్శకు కొత్త కాదు. ఇటువంటి ప్రశ్నే జీవశాస్త్రంలో యాభై ఏళ్లకు పైగా నలుగుతున్నది. మనిషి కణంలోని డి.ఎన్.ఏ.ను ఒక గ్రంథమనుకుంటే అందులో దాదాపు 300 కోట్ల అక్షరాలు. అక్షరాలు నాలుగు రకాలే. ప్రోటీన్ల తయారీకి నేరుగా ఆధారమయ్యే భాగం నూటికి రెండు వంతులు కూడా లేదు. దాదాపు సగం, మళ్లీ మళ్లీ వచ్చే పాఠాలే. 'అది మా డి.ఎన్.ఏ.లోనే ఉంది' అని మన రచయితలు ఈ మధ్య తేలిగ్గా రాసేస్తున్నారు కనుక, ఆ గ్రంథంలో ఏమున్నదో ఒకసారి చూడటం అవసరం.

ఈ పునరుక్తి బయటపడిన తీరు సరళమైనది. డి.ఎన్.ఏ. రెండు పోగుల పేట. వేడి చేస్తే పోగులు విడిపోతాయి. చల్లారిస్తే జోడు వెదుక్కుని కలుస్తాయి. జాతరలో తప్పిపోయిన తమ్ముణ్ణి వెదకడానికి పొద్దంతా పట్టవచ్చు. ఎర్ర తలపాగా కట్టినవాడెవడైనా సరే అనుకుంటే నిమిషంలో దొరుకుతాడు. కొన్ని ముక్కలు అతి త్వరగా జోడు కట్టడాన్ని బట్టి, వాటికి లక్షల నకళ్లున్నాయని 1968లో రాయ్ బ్రిటెన్, డేవిడ్ కోన్ తేల్చారు.

ఈ నకళ్లలో కొన్ని ఒకదాని పక్కన ఒకటి గొలుసుగా ఉంటాయి. కొన్ని గ్రంథమంతా చెల్లాచెదురుగా ఉంటాయి. రెండో రకానికి తమను తాము నకలు చేయించుకునే గుణమున్నది. 'ఎల్-1' అనే పాఠం దాదాపు ఆరువేల అక్షరాలది. తనను నకలు తీసే యంత్రాంగాన్ని తానే రాసి పెట్టుకున్నది. మూడువందల అక్షరాల 'అల్యూ'కు ఆ యంత్రాంగం లేదు. ఎల్-1 సరంజామాను వాడుకునే అది పది లక్షలకు మించి పెరిగింది.

వీటి వయసు కట్టే పద్ధతి తెలుగు విద్యార్థికి ఇట్టే అర్థమవుతుంది. తాళపత్ర ప్రతుల పరిష్కర్త ఏం చేస్తాడు? రెండు ప్రతుల్లో ఒకే లేఖక దోషం ఒకేచోట కనిపిస్తే, రెండూ ఒక మాతృక నుంచి వచ్చాయంటాడు. ఎక్కువ ప్రతులను పోల్చి, పోయిన మూలపాఠాన్ని ఊహిస్తాడు. ఇక్కడా అంతే. నకలైన నాడు అన్నీ ఒకే తీరు. తర్వాత ప్రతి నకలూ తన దారిన తాను చెదురుతుంది. ఎంత చెదిరితే అంత పాతది. ఒకే పాఠం మనిషిలోనూ ఎలుకలోనూ క్రోమోజోముపై అదే స్థానంలో ఉంటే, ఆ రెండు శాఖలు విడిపోకముందే అక్కడికి చేరిందన్నమాట. 'మిర్' అనే పాఠాలు ఇట్లా పది కోట్ల ఏళ్ల వెనక్కు పోతాయి. చీడపురుగులు తిన్న తాటాకుల్లా అవి గుర్తుపట్టలేనంతగా శిథిలమయ్యాయి. అల్యూ వాటి ముందు కుర్రది. కోతులు, మనుషులుండే శాఖకే పరిమితం.

ఇక పేర్ల సంగతి. 1972లో సుసుము ఓనో 'చెత్త డి.ఎన్.ఏ.' అన్న మాటను ప్రచారంలోకి తెచ్చాడు. 1980లో 'నేచర్' పత్రిక ఒకే సంచికలో రెండు వ్యాసాలు వచ్చాయి - ఒకటి ఆర్గెల్, క్రిక్‌లది. ఇంకొకటి డూలిటిల్, సపియెంజాలది. 'స్వార్థ డి.ఎన్.ఏ.' అన్న పేరు వీటితో స్థిరపడింది. ఆ పేరు నాకు నచ్చదు, అంగడి వాసన వేస్తుంది. కాని వాదం పేరు కన్నా గట్టిది. 'ఇదెందుకున్నది?' అంటే, 'ఎందుకోసమూ కానక్కరలేదు, నకలు కాగలదు కనుక ఉన్నది' అన్నారు వారు. ప్రకృతిలో ప్రతిదానికీ ముందే ఒక ఉద్దేశం ఉంటుందనే భావవాదానికి ఇది సరైన జవాబు.

అయితే పుట్టుక వేరు, ఆ తర్వాత దొరికే పని వేరు. నిజాం కాలంలో మా నారాయణఖేడ్ వైపు 'కచేరి' అంటే సర్కారు దఫ్తరు. ఆ మాటే మరోచోట పాట వినే సభ అయింది. అటువంటి కథే వైరస్‌లదీ. దాదాపు రెండున్నర కోట్ల ఏళ్ల కింద మన పూర్వ ప్రాణుల డి.ఎన్.ఏ.లో ఒక వైరస్ పాఠం చేరింది. దాని పైపొర ప్రోటీన్ ఇప్పుడు తల్లి కడుపులో మాయ కణాలను ఒకటిగా కలుపుతున్నదని 2000లో వెల్లడైంది. ఎలుకల్లో అదే పనిని వేరే వైరస్ నుంచి వచ్చిన జన్యువులు చేస్తాయి. మాయ అంతకు ఎంతో ముందే ఉన్నది. దాని కోసం ఏ వైరసూ రాలేదు. వచ్చినదానికి పని దొరికింది.

హైదరాబాదు ఉదాహరణ ఇంకా దగ్గరిది. నలుపు, పసుపు పట్టీల కట్లపాములో లాల్జీ సింగ్ బృందం 1980లో ఒక గొలుసు పాఠాన్ని వివరించింది. నాలుగక్షరాల 'గాటా' అందులో పదేపదే వస్తుంది. ఆడపాము లింగ క్రోమోజోముపై అది దట్టంగా ఉంటుంది. 1987లో ఆయన సి.సి.ఎం.బి.కి వచ్చి, ఆ పాఠం సాయంతోనే మనిషికీ మనిషికీ తేడా పట్టే డి.ఎన్.ఏ. వేలిముద్రల పద్ధతిని రూపొందించాడు. న్యాయస్థానానికి పనికొచ్చింది కదా అని దాన్ని శరీరంలో ప్రయోజనం అనలేం. ఈ రెంటినీ కలిపేస్తే పొరపాటు. ఆ ప్రశ్నకు అదే సంస్థ నుంచి 2013లో కొంత జవాబు వచ్చింది. రాకేశ్ మిశ్రా, లాల్జీ సింగ్ తదితరుల ప్రయోగాల్లో గాటా గొలుసు పొలం గట్టులా పనిచేసింది: ఒక జన్యువును ప్రేరేపించే ప్రభావం పక్కదానిపైకి పారకుండా ఆపింది.

ఇట్లాంటివి చూసి ఉత్సాహపడేవారూ ఉన్నారు. 2012లో 'ఎన్‌కోడ్' అనే పెద్ద పరిశోధన, గ్రంథంలో నూటికి 80 వంతులకు పని ఉన్నదని ప్రకటించింది. ఏదో ఒక రసాయన చర్య జరగడాన్నే వారు పనిగా లెక్కించారు. కాగితంపై సిరా ఉంటే చాలు, కవిత్వమే అన్నట్లుంది ఇది. ఉల్లిగడ్డ డి.ఎన్.ఏ. మనిషిదానికి దాదాపు అయిదింతలు. అంతా అవసరమే అయితే ఉల్లికి అంత అవసరమేమిటని గ్రెగరీ వేసిన ప్రశ్నకు సరైన సమాధానం రాలేదు. పైగా ఈ నకళ్లు హాని కూడా చేస్తాయి. రక్తం గడ్డకట్టడానికి అవసరమైన జన్యువులోకి ఎల్-1 నకలు దూరి హిమోఫీలియా కలిగించిన సంగతి 1988లోనే రుజువైంది.

మనిషి గ్రంథం చదవడం అయిపోయిందని 2003లో ప్రకటించారు గాని, నూటికి ఎనిమిది వంతులు చదవకుండానే మిగిలాయి. అవి 2022లో పూర్తయ్యాయి; ఎక్కువ భాగం పునరుక్తులే. క్రోమోజోము నడుమన 171 అక్షరాల పాఠం వేలసార్లు వరుసగా వస్తుంది. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను రెండు వైపులకు లాగే పోగులు పట్టు దొరకబుచ్చుకునేది ఆ ప్రాంతంలోనే. ఎలుకలోనూ ఆ చోట గొలుసే ఉన్నది, అక్షరాలు మాత్రం వేరు.