రాజమండ్రి గట్టు మీద సెల్ఫీ తర్వాత ఏం చూడాలి? మూడు వంతెనలు, రెండు మ్యూజియంలు, ఒక కుర్రాడి బొమ్మలు

ఈ ఎపిసోడ్ నా సిగ్గుతో మొదలవుతుందండి. మాది మండపేట. ద్వారపూడి మీదుగా బస్సెక్కితే గంటకాస్త అటూ ఇటూగా రాజమండ్రి. చిన్నప్పటినుంచి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. హైదరాబాద్‌లో జాబ్ చేసే రోజుల్లో పుణె నుంచి ఒక కొలీగ్ వచ్చి "మీ గోదావరి చూపించరా" అన్నాడు. పుష్కర ఘాట్‌కి తీసుకెళ్ళా, మెట్ల మీద రెండు సెల్ఫీలు, ఊళ్ళో ఒక రోజ్ మిల్క్. అంతే, అయిపోయింది. వాడు నది వైపు చూసి "ఆ పాత వంతెన ఎందుకు వాడట్లేదు?" అన్నాడు. తెలీదు. "కొత్తదానికి ఆ వంపులెందుకు?" అన్నాడు. అదీ తెలీదు. నేను చదివింది బీటెక్కే మరి!

సరే, వంతెనలతోనే మొదలెడదాం. పాతది హేవలాక్ బ్రిడ్జి. అప్పటి మద్రాసు గవర్నర్ పేరు పెట్టారు. 1897లో పని మొదలై, 1900 నుంచి రైళ్ళు మోసి, 1997లో రిటైరైంది. రెండోది 1974లో వచ్చిన రోడ్డు కమ్ రైలు వంతెన, కింద రైలు, పైన బస్సు. నాలుగు కిలోమీటర్ల పైచిలుకు పొడవు. మూడోది వంపుల వంతెన, మనందరి వాట్సాప్ డీపీల్లో ఉండేది.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. హేవలాక్‌కి 56 స్పాన్‌లు, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య ఖాళీలు. వంపుల దానికి 28. దాదాపు అంతే నది, సగం ఖాళీలు! ఎలా? చిన్నప్పుడు వెదురు బద్ద వంచి విల్లు చేసేవాళ్ళం కదా. ఆ విల్లుని నేలమీద నిలబెట్టి పైనుంచి నొక్కితే, రెండు కొసలూ బయటికి జారిపోదామని చూస్తాయి. నారి వాటిని పట్టి ఆపుతుంది. ఈ వంతెనలో వంపు అంటే విల్లు, రైలు వెళ్ళే అంతస్తు నారి. బరువంతా పైనున్న వంపుకి వేలాడుతుంది, కొసల తోపుడుని నారి మింగేస్తుంది. స్తంభం మీద నిలువు బరువే పడుతుంది కాబట్టి ఒక్కో స్పాన్‌ని దాదాపు వంద మీటర్లు లాగగలిగారు. గోదావరి అడుగంతా ఇసుక. నుయ్యి దింపినట్టు పునాది లోతుకి దింపాలి, అసలు కష్టమూ ఖర్చూ అక్కడే. స్తంభాలు సగమైతే ఎంత పని తగ్గుతుందో మీరే ఊహించుకోండి.

హేవలాక్ సంగతి. దాన్ని టూరిస్ట్ స్పాట్‌గా మార్చే పనికి అఖండ గోదావరి ప్రాజెక్టు కింద 2025 జూన్‌లో శంకుస్థాపన చేశారు. సంతోషమే. నా భయం ఒక్కటే, గ్లాసు ఫ్లోరూ లైటింగూ వచ్చి, ఇందాక మా వాడు అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పే బోర్డు మాత్రం రాదేమోనని.

ఇక నన్ను ఆపేసిన చోటు. గట్టుకి దగ్గర్లోనే దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ. చిత్రకారుడు. 1897లో ఈ ఊళ్ళోనే పుట్టాడు, అంటే హేవలాక్ బ్రిడ్జి పని మొదలైన ఏడాదే. ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే అనే దొర ఈ కుర్రాడి చెయ్యి చూసి, బొంబాయి జేజే స్కూల్ దారి పట్టించాడు. అడివి బాపిరాజు కూడా ఆ దొర శిష్యుడే. చదువయ్యాక రామారావు బొంబాయిలో ఉండిపోలేదు. రాజమండ్రి తిరిగొచ్చి, ఇక్కడే చిత్రకళ బడి పెట్టాడు. 1925 ఫిబ్రవరిలో మశూచి సోకి పోయాడు. అప్పటికి 28 నిండలేదు.

నాకు 28 నిండాయండి. గ్యాలరీలో ఆ తేదీలు చదివి కాసేపు బొమ్మలవైపు చూడలేదు, తేదీలనే చూస్తూ నిలబడ్డా. ఆ తర్వాత బొమ్మలు. పూలు ముడుచుకునే ఆడవాళ్ళు, మన ముఖాలు, మన ఒంటి రంగు. గీత చాలా మెత్తగా ఉంటుంది. ఫోన్‌లో జూమ్ చేసి చూసినదానికీ ఎదురుగా నిలబడి చూసినదానికీ సంబంధం లేదు. ఆయన పోయాక ఆ బడిని మిత్రుడు వరదా వెంకటరత్నం నడిపాడు. నేను వెళ్ళిన రోజు నాతో కలిపి ముగ్గురమే ఉన్నాం. ఘాట్‌లో మాత్రం ఇసకేస్తే రాలనంత జనం.

రాళ్ళబండి సుబ్బారావు మ్యూజియం కూడా గట్టు దగ్గరే. పాత శిల్పాలు, నాణేలు, తామ్రపత్రాలు ఉంటాయి. రాజరాజనరేంద్రుడు ఏలిన ఊరు, నన్నయ భారతం రాసిన ఊరు అని మనం గొప్పగా చెప్పుకుంటాం కదా, ఆ చరిత్రని శాసనాల్లో వెతికినవాళ్ళలో రాళ్ళబండి ఒకరు. 1922లో ఇక్కడ పుట్టిన ఆంధ్రేతిహాస పరిశోధక మండలి వెనక ఉన్నది ఆయనే. పుస్తకాలంటే ఇష్టముంటే గౌతమీ గ్రంథాలయం కూడా చూసెయ్యండి. నాళం కృష్ణారావు గారు 1898లో మొదలెట్టిన గ్రంథాలయమే దాని వేరు.

చివరిది ధవళేశ్వరంలో, కాటన్ మ్యూజియం. మన ఊళ్ళ జాతకం మారింది అక్కడే. 1830ల్లో పక్కనే ఇంత నది పారుతుంటే డెల్టా జనం కరువుతో పోయారు. కాటన్ 1847లో ఆనకట్ట మొదలెట్టి 1852కి ముగించాడు. నది అక్కడ లంకల మధ్య నాలుగు పాయలవుతుంది కాబట్టి నాలుగు ముక్కలుగా కట్టాడు. ఇసుక మీద ఆనకట్ట ఎలా నిలబడుతుంది? ఆ కిటుకు ఆయన కావేరి మీద చోళులు కట్టిన కల్లణై చూసి నేర్చుకున్నాడు. మన ఇంజనీర్ వీణెం వీరన్న ఆయన పక్కనే పనిచేశాడు. మనం ఇప్పుడు చూసే బ్యారేజీ కొత్తది, 1982కి పూర్తయింది. మా మండపేట చేలకి వచ్చే నీళ్ళు అక్కడ మొదలయ్యే తూర్పు డెల్టా కాలువలవే. అది తెలిశాక ఆ మోడల్స్ దగ్గర నేను గంట ఉన్నా.

2027లో మళ్ళీ పుష్కరాలు. 2015లో మొదటిరోజే పుష్కర ఘాట్ తొక్కిసలాటలో పాతిక మందికి పైగా పోయారు, ఆ రోజులు చూసినవాడిగా చెప్తున్నా: మ్యూజియంలు చూడాలంటే ఆ రద్దీకి ముందే వెళ్ళండి. ప్రభుత్వ సెలవులు చూసుకోండి. పొద్దున్నే గ్యాలరీ, రాళ్ళబండి, మధ్యాహ్నం ధవళేశ్వరం, ఎండ చల్లబడ్డాక బ్యారేజీ మీద నడక. రోజ్ మిల్క్ ఎప్పుడన్నది మీ ఇష్టం.